అంతా ఖైరియత్‌గానే ఉందా?

పూర్వం తెలుగు ఉత్తరం 'ఉభయకుశలోపరి' అనే మాటతో మొదలయ్యేది. మన ఇళ్లలో ఉర్దూలో రాసుకునే ఉత్తరం, 'ఇక్కడ నేను ఖైరియత్‌గా ఉన్నాను, మీ ఖైరియత్ కోసం దుఆ చేస్తున్నాను' అనే అర్థం వచ్చే వాక్యంతో మొదలయ్యేది. భాషలు వేరైనా మర్యాద ఒక్కటే. ముందు క్షేమం చెప్పాలి, ఆ పైన అసలు సంగతి చెప్పాలి. 'ఉపరి' అనే మాటకు అర్థమే 'ఆ పైన' అని. క్షేమసమాచారం ఉత్తరానికి గడప వంటిది. గడప దాటితేనే ఇల్లు.

ఇన్‌లాండ్ లెటర్లు పోయాయి, పోస్టుమన్ కోసం ఎదురుచూపులూ పోయాయి. అయినా విద్యా సంవత్సరం ముగిసే వేళకు, దూరాన విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న బిడ్డ నుంచి ఇంటికి ఒక పెద్ద సందేశం వస్తుంది. మామూలు రోజుల్లో ఒకటి రెండు మాటలతో సరిపెట్టే బిడ్డ, ఆ రోజు మాత్రం ఏడాది మొత్తాన్ని ఒక చోట పేర్చి పంపుతుంది. కుటుంబ వాట్సాప్ గ్రూపులో పడిన ఆ సందేశాన్ని కళ్లు సరిగా కనిపించని దాదీకి ఎవరో చదివి వినిపిస్తారు. ఫుప్పూలు, మామూలు, చాచాలు, పాత స్నేహితులు అందరూ చదువుతారు. సాధారణంగా అది ఇలా ఉంటుంది:

'అస్సలాము అలైకుం. అల్‌హందులిల్లాహ్, నేను ఇక్కడ ఖైరియత్‌గా ఉన్నాను. పరీక్షలు బాగా రాశాను. ఫీజు గురించి బెంగ పెట్టుకోకండి, స్కాలర్‌షిప్ వస్తుంది. గది బాగుంది. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు. ఆరోగ్యం బాగుంది. మీ దుఆలే నాకు బలం. త్వరలో వస్తాను.'

ఇది ఏ ఒక్క బిడ్డో రాసినది కాదు. ఇటువంటి సందేశాలలో మళ్లీ మళ్లీ కనిపించే మాటలను మేము ఇక్కడ ఒక చోట చేర్చాం. మీ ఇంటికి వచ్చినది కూడా దాదాపు ఇలాగే ఉండి ఉంటుంది. ఇందులోని ప్రతి మాటా ప్రేమతో రాసినదే. అయితే ఇందులో గడిచిన ఏడాది మాత్రం లేదు. బిడ్డ గడప దగ్గరే నిలబడి సలాం చెప్పి వెళ్లిపోయింది.

బిడ్డ రాయకుండా వదిలేసిన మాటలే మన సముదాయానికి అన్నిటికన్నా ముందు తెలియవలసిన మాటలని మేము భావిస్తున్నాం. వాటిని బిడ్డ ఎందుకు దాచిందో ఆలోచిస్తే, వేలు ప్రభుత్వం వైపూ విద్యాసంస్థల వైపూ చూపించి ఊరుకోవడానికి వీలులేదు. మంచి వార్త తప్ప మరొకటి వినడానికి సిద్ధపడని మన ఇళ్లకూ అందులో భాగం ఉంది.

వాక్యాల వెనుక ఏముంది?

'పరీక్షలు బాగా రాశాను.' ఇంటర్ వరకు ఉర్దూ మాధ్యమంలోనో, తెలుగు మాధ్యమంలోనో చదివిన బిడ్డకు విశ్వవిద్యాలయంలో పాఠాలన్నీ ఒక్కసారిగా ఇంగ్లీషులో ఎదురవుతాయి. తెలిసిన జవాబే నోటికి రాదు. మొదటి సెమిస్టర్‌లో ఒకటి రెండు పేపర్లు మిగిలిపోతాయి. బ్యాక్‌లాగ్ అనే మాట ఇంట్లో చెబితే 'చదవడం లేదు' అని అర్థం చేసుకుంటారని భయం. నిజానికి లోపం బిడ్డ తెలివిలో లేదు. 1918లో హైదరాబాద్‌లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధునిక ఉన్నత విద్యను ఉర్దూలో బోధించింది. వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఆ భాషలోనే చెప్పింది. పాఠ్యగ్రంథాలను అనువదించడానికి దారుల్ తర్జుమా అనే ప్రత్యేక సంస్థనే ఏర్పాటు చేసింది. ఒక భాషలో పెరిగిన విద్యార్థిని మరొక భాషలోని శాస్త్రం దగ్గరకు చేర్చాలంటే వంతెన కట్టాలని ఆనాటివారికి తెలుసు. నేడు వంతెన కట్టకుండా నది దాటమంటున్నాం. దాటలేకపోయిన బిడ్డ తప్పు తనదేననుకుని మౌనం వహిస్తోంది.

'స్కాలర్‌షిప్ వస్తుంది.' ఎప్పుడు వస్తుందో ఆ బిడ్డకు తెలియదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కోసం ఏటా దరఖాస్తు చేయాలి, ఏటా రెన్యువల్ చేయించుకోవాలి, ఆదాయ ధ్రువపత్రం తేవాలి, వేలిముద్ర వేయాలి. ఇన్నీ చేసిన తరువాత బకాయిలు విడుదల కాకపోతే కళాశాల విద్యార్థి వైపే చూస్తుంది. 'ముందు మీరు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం' అంటుంది. హాల్‌టికెట్ ఇచ్చే రోజున, సర్టిఫికెట్ అడిగే రోజున ఆ మాట బెదిరింపుగా మారుతుంది. అప్పుడు బిడ్డ స్నేహితుల దగ్గర రెండు వేలు, మూడు వేలు చేబదులు తీసుకుంటుంది. ఏడాది చివర ఇంటికి రాసే సందేశంలో ఆ బాకీ ఉండదు.

అసలు ఆ సీటు కూడా ఎంత సన్నని ఆధారం మీద నిలబడి ఉందో మనకు తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన చట్టం ద్వారా వెనుకబడిన 14 ముస్లిం వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ దక్కింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానిని కొట్టివేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు దానిని నిలిపింది. ఆ ఉత్తర్వు నీడలోనే ఇంజనీర్లూ వైద్యులూ ఉపాధ్యాయులూ తయారయ్యారు. ఒక తరం చదువు మధ్యంతర ఉత్తర్వు మీద గడిచిందంటే, ఆ తరానికి ఎంత అభద్రత అలవాటైపోయిందో ఊహించుకోవచ్చు.

పరిశోధన చేస్తున్న బిడ్డ సంగతి మరొకటి. సచార్ కమిటీ నివేదిక తరువాత, 2009లో, మైనారిటీ వర్గాల పరిశోధక విద్యార్థుల కోసం మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్ మొదలైంది. ఇతర పథకాలతో కలిసిపోతోందనే కారణం చూపి, 2022-23 నుంచి దానిని నిలిపివేస్తున్నట్టు 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం లోక్‌సభలో ప్రకటించింది. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మైనారిటీ పిల్లలకు ఇచ్చే ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్ కూడా ఆ ఏడాదే ఆగింది. ఈ నిర్ణయాలు వార్తాపత్రికలో ఒక మూల వచ్చిపోతాయి. ఒక ఇంట్లో మాత్రం అవి పీహెచ్‌డీ చేయాలా, ఏదైనా ఉద్యోగం చూసుకోవాలా అనే ప్రశ్నగా మారతాయి. ఆ ప్రశ్నతో ఏడాదంతా కుస్తీ పట్టిన బిడ్డ ఇంటికి రాసేది మాత్రం 'స్కాలర్‌షిప్ వస్తుంది' అనే.

'గది బాగుంది.' ఆ గది దొరకడానికి ముందు ఎన్ని ఇళ్ల మెట్లు ఎక్కి దిగిందో రాయదు. 'టు-లెట్' బోర్డు వేలాడుతూనే ఉంటుంది. పేరు చెప్పగానే 'ఇప్పుడే వేరేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చారు' అనే జవాబు వస్తుంది. వారం తరువాత అదే వీధిలో వెళితే బోర్డు అక్కడే ఉంటుంది.

'ఇక్కడ ఎవరూ ఏమీ అనరు.' ఈ వాక్యాన్ని తల్లులు జాగ్రత్తగా చదవాలి. అడగని ప్రశ్నకు ముందుగానే ఇచ్చిన జవాబిది. 2022లో కర్ణాటకలో తలపై వస్త్రం కారణంగా తరగతి గది తలుపులు మూసుకున్న దృశ్యాలను మన ఇళ్లలో అందరూ చూశారు. హైకోర్టు తీర్పు, ఆ తరువాత అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ధర్మాసనంలో ఇద్దరు న్యాయమూర్తుల భిన్నాభిప్రాయం, అన్నీ మన ఇళ్లలో చర్చకు వచ్చాయి. అందువల్ల బిడ్డ ముందే భరోసా ఇస్తోంది. కాని దేశంలో ఎక్కడ ఏ సంఘటన జరిగినా, మరునాడు క్యాంటీన్‌లో తన వైపు తిరిగే చూపుల గురించి రాయదు. 'నువ్వు వాళ్లలాంటిదానివి కాదులే' అని మెచ్చుకున్నట్టే మాట్లాడే సహాధ్యాయి గురించి రాయదు. పేరున్న కళాశాలల్లో డిగ్రీ చదివే ప్రతి 25 మందిలో ఒక్కరు, పీజీ చదివే ప్రతి 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లిం అని సచార్ కమిటీ 2006లో చెప్పింది. దానిని మనం వెనుకబాటుతనానికి లెక్కగా ఉదహరిస్తాం. తరగతిలో ఆ ఒక్కరుగా కూర్చున్న బిడ్డకు అది ఒంటరితనానికి కూడా లెక్క. తను ఏం మాట్లాడినా సముదాయమంతా మాట్లాడినట్టే అవుతుందేమోనని ఆ బిడ్డ ప్రతి మాటనూ తూచుకుంటూ ఏడాది గడుపుతుంది.

'ఆరోగ్యం బాగుంది.' నిద్ర పట్టని రాత్రులను మన ఇళ్లలో జబ్బుగా లెక్కపెట్టరు కాబట్టి ఈ వాక్యం కూడా నిజమే అనిపించుకుంటుంది.

దాచినది కష్టం ఒక్కటే కాదు

ఇక్కడ ఒక విషయం మేము ప్రత్యేకంగా గుర్తు చేయదలచుకున్నాం. చెడును దాచిన ఉత్తరం మంచిని కూడా దాచవలసి వస్తుంది. ఇల్లు ఇవ్వనన్నారని చెప్పకపోతే, తన పేరు మీద గది తీసుకుని 'మనిద్దరం ఉందాం' అన్న హిందూ స్నేహితురాలి గురించి ఎలా చెబుతుంది? మెస్‌లో సహ్రీకి ఏర్పాటు లేదని చెప్పకపోతే, రమజాన్ నెలంతా రాత్రి భోజనంలో నుంచి రొట్టెలు తీసి దాచిపెట్టిన గదివాళ్ల గురించి ఎలా చెబుతుంది? పేపర్ మిగిలిపోయిందని చెప్పకపోతే, సాయంత్రాలు ఒక గంట కూర్చోబెట్టి మళ్లీ పాఠం చెప్పిన అధ్యాపకుడి గురించి ఎలా చెబుతుంది?

మన సముదాయం మీద పడుతున్న దెబ్బలను ఈ పత్రికలో ప్రతి నెలా రాస్తున్నాం. రాయక తప్పదు. అయితే ఈ దేశంలో మన పిల్లల పక్కన నిలబడుతున్న మనుషులు కూడా ఉన్నారు. వారు దళిత విద్యార్థులు కావచ్చు, ఆదివాసీ విద్యార్థులు కావచ్చు, పేద రైతుబిడ్డలు కావచ్చు, మనసున్న అధ్యాపకులు కావచ్చు. రీయింబర్స్‌మెంట్ బకాయి వారిలో చాలామందిదీ, గది దొరకని అవమానం దళిత బిడ్డదీ. 'అంతా ఖైరియత్' అనే సందేశంలో శత్రువులూ కనిపించరు, మిత్రులూ కనిపించరు. మిత్రులు కనిపించని చోట హక్కుల పోరాటం ఒంటరిదవుతుంది.

'వచ్చెయ్' అనే ఒక్క మాట

బిడ్డ ఎందుకు దాస్తుంది? మొదటి కారణం ప్రేమ. తండ్రి పంక్చర్ దుకాణంలో రోజంతా వంగి పని చేస్తాడు, లేదా గల్ఫ్‌లో ఎండలో నిలబడతాడు. తల్లి చేతి గాజులు తాకట్టులో ఉన్నాయి. వాళ్ల మనసుకు కష్టం కలిగించకూడదని బిడ్డ అనుకోవడం సహజం.

రెండవ కారణం మనకు అంత గౌరవం తెచ్చేది కాదు. కష్టం చెప్పిన బిడ్డకు మన ఇళ్ల నుంచి వెళ్లే మొదటి జవాబు, 'అయితే చాలులే, ఇంటికి వచ్చెయ్.' ఈ మాట వెనుక ఉన్నది కూడా ప్రేమే. కాని ఆడపిల్ల చెవికి ఆ మాట మరోలా వినిపిస్తుంది. తన చదువు ఇంట్లో ఇచ్చిన హక్కు కాదు, చిన్న చప్పుడైతే వెనక్కి తీసుకునే అనుమతి అని వినిపిస్తుంది. బస్సులో ఎవరో అల్లరి చేశారని చెప్పిన బిడ్డను సంబంధం చూసి నిఖాకు సిద్ధం చేసిన ఇళ్లు మనలో లేవని అనగలమా? ఆ కథ తెలిసిన చెల్లెళ్లందరూ ఆ తరువాత 'ఇక్కడ ఎవరూ ఏమీ అనరు' అనే రాస్తారు. మగపిల్లవాడికి జవాబు వేరుగా ఉంటుంది. 'ఆ డిగ్రీతో ఏం వస్తుంది? మామూ దుకాణంలో కూర్చో, పాస్‌పోర్టుకు పెట్టు' అంటాం. ఇద్దరి విషయంలోనూ ఫలితం ఒక్కటే. తప్పు చేసినవాడికి ఏమీ కాదు. తప్పును చెప్పిన బిడ్డ చదువు ఆగిపోతుంది.

తల్లిదండ్రుల భయాన్ని మేము తక్కువ చేసి మాట్లాడటం లేదు. 2016 అక్టోబరులో ఢిల్లీ జేఎన్‌యూ హాస్టల్ నుంచి కనిపించకుండా పోయిన నజీబ్ అహ్మద్ కోసం అతని తల్లి ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ, న్యాయస్థానాల చుట్టూ తిరిగిన దృశ్యం ఏ తల్లి మరచిపోగలదు? ఆ భయం ఊహ నుంచి పుట్టినది కాదు. కాని బిడ్డ మాట్లాడటం మానేస్తే అపాయం తగ్గదు. అపాయం వచ్చిన రోజున మనకు ఏమీ తెలియని స్థితి మాత్రం ఏర్పడుతుంది. భయపడే తల్లికి నిజం తెలియడం మరింత అవసరం.

మూడవ కారణం మన వాట్సాప్ గ్రూపులు. అరవై మంది ఉన్న గ్రూపులో ఏ బిడ్డ అయినా ఏం రాయగలదు? ఉదయం రాసిన మాట మధ్యాహ్నానికి మరో మూడు గ్రూపులలో తిరుగుతుంది. సాయంత్రానికి ఒక ఫుప్పూ ఫోన్ చేసి 'పిల్ల ఏదో కష్టంలో ఉందట కదా' అంటుంది. అందుకే బిడ్డ అందరికీ సరిపోయే మాటలు రాస్తుంది. అందరికీ సరిపోయే మాటలో ఎవరికీ ఉపయోగపడే సంగతి ఉండదు.

ఈ సందర్భంలో మౌలానా అబుల్ కలాం ఆజాద్ గుర్తుకు వస్తున్నారు. 1942 ఆగస్టులో క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను అహ్మద్‌నగర్ కోటలో బంధించింది. అక్కడ ఆయన తన మిత్రుడు హబీబుర్ రహమాన్ ఖాన్ షేర్వానీని సంబోధిస్తూ ఉత్తరాలు రాసుకున్నారు. వాటిని పంపే వీలు లేదు. అయినా రాశారు. ఆ ఉత్తరాలే 1946లో 'గుబారె ఖాతిర్' పేరుతో గ్రంథంగా వచ్చాయి. ఖైదులో ఉన్న ఆజాద్ మనసులోని మాట రాయగలిగారు, పంపలేకపోయారు. ఏ జైలులోనూ లేని మన పిల్లలు ప్రతి ఏడాదీ పంపుతున్నారు, మనసులోని మాట మాత్రం రాయలేకపోతున్నారు. స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి పేరు మీద ఉన్న ఫెలోషిప్ ఆగిపోయిందని బాధపడే మనం, ఈ సంగతికి కూడా బాధపడాలి.

మౌనం లెక్కలలో ఎలా కనిపిస్తుంది?

ఇది ఇంటి విషయం కదా, హక్కుల పత్రికలో ఎందుకు అని ఎవరైనా అడగవచ్చు. కేంద్ర విద్యాశాఖ జరిపే అఖిల భారత ఉన్నత విద్యా సర్వేను చూడండి. 2019-20లో దేశంలో ఉన్నత విద్యలో ఉన్న ముస్లిం విద్యార్థులు సుమారు 21 లక్షలు. 2020-21 నాటికి ఆ సంఖ్య 19.21 లక్షలకు పడిపోయింది. కరోనా సంవత్సరం కదా అనుకోవచ్చు. కాని అదే ఏడాది ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థుల సంఖ్య పెరిగింది. తరువాతి ఏడాది మన సంఖ్య మళ్లీ 21 లక్షలకు చేరింది. అయినా 2011 జనగణన ప్రకారం జనాభాలో 14 శాతానికి పైగా ఉన్న సముదాయం ఉన్నత విద్యలో 5 శాతానికి కూడా చేరలేదు.

ఆ ఒక్క ఏడాదిలో తగ్గిన దాదాపు 1 లక్షా 80 వేల సంఖ్య వెనుక మనుషులున్నారు. పేరు నమోదు కాని బిడ్డకో, మధ్యలో ఆగిన బిడ్డకో తనదైన కారణం ఉండి ఉంటుంది. ఫీజు బకాయి కావచ్చు, తండ్రి పని పోవడం కావచ్చు, పాఠాలు వినడానికి ఫోన్ లేకపోవడం కావచ్చు. ఆ కారణాలను ఎవరూ రాసిపెట్టలేదు. కనుక సర్వేలో సంఖ్య మిగిలింది, కారణం మిగలలేదు. రేపు మనం మంత్రి దగ్గరకు వినతిపత్రంతో వెళ్లినప్పుడు, న్యాయస్థానంలో మన వెనుకబాటుతనాన్ని నిరూపించవలసి వచ్చినప్పుడు, మన చేతిలో ఏముంటుంది? 'మా పిల్లలు ఇబ్బంది పడుతున్నారు' అనే సాధారణ వాక్యం ఉంటుంది. తేదీ, దరఖాస్తు సంఖ్య, రశీదు, రాతపూర్వక ఫిర్యాదు ఉండవు. ఇంట్లో చెప్పని మాట కార్యాలయంలో ఎవరు చెబుతారు?

ఏం చేద్దాం?

ముందు ఇంటి నుంచి మొదలుపెడదాం. ఈసారి బిడ్డ సందేశం గ్రూపులోకి వచ్చినప్పుడు 'మాషా అల్లాహ్' అని ఒక మాట, పువ్వు గుర్తు ఒకటి పెట్టి ఊరుకోవద్దు. ఆ రాత్రి అమ్మో, అబ్బానో విడిగా ఫోన్ చేయాలి. మూడు మాటలు ఇవ్వాలి. నువ్వు ఏం చెప్పినా 'చదువు మానేసి వచ్చెయ్' అని అనము. నువ్వు చెప్పినది నీ అనుమతి లేకుండా మరొకరికి చెప్పము. తప్పు నీదేనా అని మొదటే అడగము. ఈ మూడూ ఇచ్చిన తరువాత ప్రశ్నలు అడగాలి. 'బాగున్నావా' అని అడిగితే 'బాగున్నాను' అనే జవాబే వస్తుంది. ఈ ఏడాది ఎవరికైనా బాకీ పడ్డావా? ఏ పేపర్ కష్టంగా ఉంది? ఇంటికి వచ్చెయ్యాలని ఏ రోజున అనిపించింది? ఆ రోజున నీ పక్కన ఎవరున్నారు? ఇలా అడిగితే ఏడాది బయటికి వస్తుంది.

విద్యార్థులకు మా మనవి ఇది. ఇంటికి రాసే సందేశంతో పాటు మీకోసం ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. దరఖాస్తు చేసిన తేదీ, దాని సంఖ్య, కట్టిన ఫీజు రశీదు, ఎవరైనా అవమానించిన మాట, ఆ రోజు, ఆ చోటు, చూసినవారి పేరు అందులో రాయండి. చేరిన రోజున మీరు చూపిన ఒరిజినల్ సర్టిఫికెట్లను విద్యాసంస్థ అట్టిపెట్టుకోకూడదని, పరిశీలించి తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లో నోటిఫికేషన్ ఇచ్చింది. మతం పేరుతో గాని కులం పేరుతో గాని వివక్ష చూపరాదని, ప్రతి విద్యాసంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలని 2012 నాటి యూజీసీ నిబంధనలు చెప్పాయి. మీ సంస్థలో ఆ అధికారి ఎవరో మొదటి వారంలోనే తెలుసుకోండి. నోటితో చెప్పిన ఫిర్యాదు గాలిలో కలిసిపోతుంది, రాసి ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. మనసు కుంగినప్పుడు మాట్లాడటానికి టెలీ-మానస్ 14416 సంఖ్య రాత్రీ పగలూ పనిచేస్తుంది. దానికి ఫోన్ చేయడం ఈమాన్ బలహీనత కాదు. జ్వరానికి వైద్యుడి దగ్గరకు వెళ్లడం వంటిదే అది.

మస్జిద్ కమిటీలు, స్థానిక సంఘాలు చేయగలిగినది చాలా ఉంది. దరఖాస్తులు, రెన్యువల్స్ జరిగే నెలల్లో జుమా నమాజు తరువాత రెండు గంటలు ఒక బల్ల వేసి, కంప్యూటర్ తెలిసిన ఇద్దరు యువకులను కూర్చోబెడితే ఎన్నో దరఖాస్తులు తిరస్కరణ నుంచి బయటపడతాయి. గడువు తేదీ తెలియకనో, ఆధార్‌లో పేరు ఒక రకంగా, మెమోలో మరో రకంగా ఉండటం వల్లనో స్కాలర్‌షిప్ పోగొట్టుకున్న పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. రమజాన్‌లో వచ్చే జకాత్ నుంచి అర్హులైన పేద విద్యార్థుల కోసం కొంత సొమ్మును ఏడాది పొడవునా అందేలా విడిగా ఉంచండి. పరీక్ష ఫీజు గడువుకు ముందు అందిన రెండు వేల రూపాయలు, గడువు తరువాత అందిన ఇరవై వేల కన్నా విలువైనవి. బిడ్డను పదిమందిలో నిలబెట్టి సాయం చేయకండి. అడిగిన సంగతి అడిగిన గదిలోనే ఉండిపోవాలి.

హక్కుల కార్యకర్తలకు ఒక ప్రత్యేక విజ్ఞప్తి. ప్రతి జిల్లాలో బకాయిలు రాని విద్యార్థుల దరఖాస్తు సంఖ్యలను వారి అనుమతితో సేకరించండి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద సంబంధిత సంక్షేమ శాఖను అడగండి. 30 రోజులలో జవాబు ఇవ్వవలసిన బాధ్యత వారిది. అన్ని సముదాయాల విద్యార్థులనూ కలుపుకుని అడిగితే ఆ ప్రశ్నకు బరువు పెరుగుతుంది. ప్రభుత్వాల నుంచి మనం కోరవలసినవి కొత్తవి కావు. బకాయిలను విద్యా సంవత్సరం ముగిసేలోగా విడుదల చేయాలి. ఆపివేసిన ఫెలోషిప్‌ను పునరుద్ధరించాలి. సుప్రీంకోర్టులో ఉన్న 4 శాతం రిజర్వేషన్ కేసులో మన వర్గాల వాస్తవ స్థితిని తాజా లెక్కలతో గట్టిగా నిలబెట్టాలి. ఈ కోరికల వెనుక పేర్లూ, తేదీలూ, కాగితాలూ ఉన్న రోజున వాటిని తోసిపుచ్చడం కష్టమవుతుంది.

జవాబు కూడా ఉత్తరమే

చివరిగా ఒక మాట. 'ఉభయకుశలం' అంటే ఇరువైపుల క్షేమం. బిడ్డ ఒక్కతే నిజం రాయాలని అడగడం న్యాయం కాదు. ఇంటి నుంచి వెళ్లే జవాబు కూడా ఇన్నేళ్లుగా 'మేము ఖైరియత్‌గా ఉన్నాం, నువ్వు చదువు మీద దృష్టి పెట్టు' అనే కదా. అబ్బాకు గుండెలో నొప్పి వచ్చి రెండు రోజులు దుకాణం తెరవలేదని మనం చెప్పలేదు. గాజులు విడిపించలేదని చెప్పలేదు. చిన్నవాడు బడి మానేస్తానంటున్నాడని చెప్పలేదు. సెలవులకు ఇంటికి వచ్చిన బిడ్డ తల్లి బోసి చేతులు చూసి అన్నీ గ్రహిస్తుంది, ఏమీ అడగదు. ఇంట్లో కష్టాన్ని దాచుకోవడమే ప్రేమ అని ఆ బిడ్డ నేర్చుకున్నది మన దగ్గరే.

అందువల్ల ఈ ఏడాది ముందుగా మనమే రాద్దాం. ఇంట్లో ఏం జరిగిందో, ఎంత అప్పు ఉందో, దానిని ఎలా తీర్చాలనుకుంటున్నామో బిడ్డను పెద్దదానిగా భావించి చెబుదాం. అప్పుడు బిడ్డ కూడా రెండు పేపర్లు మిగిలిపోయాయనీ, మూడు వేలు బాకీ ఉన్నాననీ, మార్చిలో ఒక రాత్రి బ్యాగు సర్దుకున్నాననీ, గదిలోని స్నేహితురాలు తెల్లవారే దాకా కూర్చుని ఆపిందనీ రాస్తుంది. ఆ ఉత్తరం చదివి కొంతసేపు మనకు నిద్ర పట్టకపోవచ్చు. మరునాడు మాత్రం ఎవరి దగ్గరకు వెళ్లాలో, ఏం అడగాలో, ఎవరికి కృతజ్ఞత చెప్పాలో తెలిసి లేస్తాం.